అద్దముంది, జాగ్రత్త

పుత్తూరులో ఎనిమిది మరమగ్గాలున్న ఇల్లు. ముందు షెడ్డులో మగ్గాలు, వెనక రెండు గదుల్లో సంసారం. ఆ ఇంటి కుర్రాడు ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, తండ్రి నూలు లెక్కల పుస్తకంలో చివరి పేజీలు తనవి చేసుకున్నాడు. పేజీకి ఒక వస్తువు. పైన వస్తువు పేరు, కింద ధర, ఆ ధర మీద కొట్టివేత, పక్కన కొత్త ధర.

కంప్యూటర్ తన చేతుల్తో తనే బిగించుకోవాలన్నది వాడి కోరిక. ఆడుకోవడానికి. ఆ సంగతి తండ్రి దగ్గర దాచలేదు. చదువుకని చెప్పి కొనిపించుకుని ఆటలు ఆడే పిల్లలను తండ్రి చూశాడు. వీడు ఆటకనే అడిగాడు. ఆ ఒక్క మాటకే ఆయన మెత్తబడ్డాడు.

"ఇంటర్‌లో తొమ్మిదొందలు దాటు. ఎనభై వేలిస్తా. ఒక్క తూరే ఇస్తా. తప్పు సామాను కొన్నావంటే మళ్లా అడగాకు."

2023 వేసవిలో ఫలితాలొచ్చాయి. తొమ్మిది వందలు దాటాయి.

వాడి ఆట ఫోనుతో మొదలైంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు వాడు పదో తరగతి. ఊళ్లో కుర్రాళ్లంతా ఆ పూట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అదే ఏడాది జూన్‌లో వాలరెంట్ అనే ఆట వచ్చి ఉంది. అది కంప్యూటర్‌లోనే ఆడాలి. స్నేహితుడి అన్న ల్యాప్‌టాప్‌లో అరగంట చొప్పున వంతులు వేసుకుని ఆడారు. వాలరెంట్‌కు పెద్ద యంత్రం అక్కర్లేదు. అదే ల్యాప్‌టాప్‌లో సైబర్‌పంక్ అనే పెద్ద ఆట పెట్టి చూస్తే తెర మీద మనిషి అడుగు తీసి అడుగు వేయలేదు.

ఎందుకు వేయలేదో వాడు తెలుసుకున్నాడు. తెర మీది బొమ్మను సెకనుకు అరవై సార్లో నూట నలభై సార్లో కొత్తగా గీయాలి. గీసే పని గ్రాఫిక్స్ కార్డుది. ఏం గీయాలో లెక్కగట్టి చెప్పే పని ప్రాసెసర్‌ది. ఒకటి చురుగ్గా ఉండి రెండోది నిదానమైతే చురుకైనదానికి పెట్టిన డబ్బు దండగ. ఈ మాట తండ్రికి చెబితే ఆయనకు వెంటనే అర్థమైంది.

"కండెలు చుట్టేవాళ్లు నిదానిస్తే మగ్గం ఆగాల్సిందే కదరా," అన్నాడు.

మొదటి పేజీ ప్రాసెసర్. ఇంటెల్ ఐ5-12400ఎఫ్, ఏఎమ్‌డీ రైజెన్ 5 5600. రెండూ 2022లో వచ్చినవే. రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఆటలో రెండూ ఒకదానికొకటి తీసిపోవు. వాడు చాలా రోజులు ఈ రెంటి మధ్యే తిరిగాడు. చివరికి తేల్చింది ప్రాసెసర్ కూర్చునే మదర్‌బోర్డు. 5600 కూర్చునే ఏఎమ్4 బోర్డుల్లో మంచివి అప్పట్లో తక్కువలో దొరుకుతుండేవి. ఏఎమ్4 కాలం అయిపోవస్తోందనీ తెలుసు. 2022 సెప్టెంబరులోనే ఏఎమ్5 వచ్చేసింది. అందులోకి పోతే డీడీఆర్5 ర్యామ్ తప్ప వేరేది పట్టదు. బోర్డు ధరా ఎక్కువే. ఎనభై వేలు చాలవు. వాడు 5600 కింద రెండు గీతలు గీశాడు.

బోర్డుకు బి450 చవక, బి550 కాస్త ఎక్కువ. బి550నే రాసుకున్నాడు. దానికి కారణం రెండు పేజీల తర్వాత ఉంది. ర్యామ్ పదహారు జీబీ. పదహారు జీబీ ముక్క ఒకటి కాదు, ఎనిమిది జీబీ ముక్కలు రెండు. రెండుంటే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి తెచ్చుకుంటుంది. ఒకటే ఉంటే ఒకటే దారి. ధర దాదాపు అంతే, ఫలితం వేరు. ఈ చిన్న సంగతి తెలియక వేగం పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక టెరాబైట్ ఎస్ఎస్‌డీ. అక్కడితో చిన్న పేజీలు అయిపోయాయి.

గ్రాఫిక్స్ కార్డు పేజీ నల్లబడిపోయింది. అన్ని కొట్టివేతలు.

వాడి ఇంటర్ రెండేళ్లూ గ్రాఫిక్స్ కార్డుల కథ వేరు. ఎథీరియం అనే డిజిటల్ నాణేన్ని ఈ కార్డులతోనే తవ్వేవాళ్లు. ఆటగాడికి ఒకటి చాలు, తవ్వేవాడికి వంద కావాలి. కార్డుల ధరలు రెండింతలయ్యాయి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకుంది. కార్డులతో దాన్ని తవ్వే పని ఆ రోజుతో ఆగిపోయింది. రాత్రీ పగలూ నెలల తరబడి వేడెక్కిన కార్డులు సెకండ్ హ్యాండ్ సంతలోకి వచ్చిపడ్డాయి. చెన్నైలో ఒకతను ఆర్‌టీఎక్స్ 3070 కార్డు కొత్తదాని ధరలో సగానికి ఇస్తానన్నాడు. కుర్రాడు బిల్లు అడిగాడు. లేదన్నాడు. కార్డు పూర్వం ఏం పని చేసిందని అడిగాడు. అతను మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఆ ధర మీద కొట్టివేత పడింది.

మిగిలినవి రెండు. ఆర్‌టీఎక్స్ 3060, పన్నెండు జీబీ మెమరీ, 170 వాట్లు. ఆర్ఎక్స్ 6600, ఎనిమిది జీబీ, 132 వాట్లు. కుర్రాడి మనసు 3060 మీద ఉంది. అదే రాసుకున్నాడు. మొత్తం కూడితే ఎనభై వేలకు మూడు వందలు తక్కువ.

పుస్తకం తండ్రి ముందు పెట్టాడు. ఆయన పేజీలన్నీ తిప్పాడు. పేర్లు ఆయనకు తెలియవు. చివరికి ఒకటే అడిగాడు.

"కరెంటు సంగతి ఏం రాసినావు?"

ఏమీ రాయలేదు.

"మగ్గాలన్నీ ఒక్క తూరి ఎత్తితే ఇంట్లో లైటు మసకబారతాది. నీ మిషన్ తట్టుకుంటాదా?"

మోటారు తిరిగేటప్పుడు తీసుకునే కరెంటు ఒక లెక్క. మొదలయ్యేటప్పుడు లాగేది దానికి అయిదారు రెట్లు. ఆ క్షణం వోల్టేజి పడిపోతుంది. ఎనిమిది మోటార్లు ఒకే మీటరు మీదున్న ఇల్లది. పక్కనే ఉన్న ఈ ప్రమాదాన్ని వాడు చూడలేదు. ప్రపంచంలో ఏ కార్డు ఎన్ని వాట్లు తాగుతుందో చెప్పగలిగినవాడు తన ఇంటి మీటరు చదవలేదు. తండ్రి చెప్పినట్టు మీటరు దగ్గర్నుంచి విడిగా ఒక లైను, ఎర్తు, పదహారు ఆంపియర్ల ప్లగ్గు, ఒక యూపీఎస్. ఈ ఖర్చంతా ఎనభై వేలలోంచే పోవాలి. ఒప్పందం ఒప్పందమే.

కుర్రాడు ఆ రాత్రి 3060 కొట్టేసి 6600 రాశాడు. ఆరేడు వేలు తగ్గాయి. బి550 ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. 6600 బోర్డుతో ఎనిమిది దారుల్లోనే మాట్లాడుతుంది. బి450లో ఆ దారులు పాత తరానివి, సన్నవి. బి550లో కొత్తవి, రెట్టింపు వెడల్పు. కార్డు ఏది కొన్నా ఇబ్బంది పడకుండా ముందే ఆలోచించి పెట్టుకున్నాడు.

తర్వాతి పేజీ పవర్ సప్లై. సొంతంగా బిగించేవాళ్లు ఎక్కువమంది దెబ్బతినేది ఈ డబ్బా దగ్గరే. ఇది తెర మీద కనపడదు. దీనివల్ల ఆట వేగం పెరగదు. అందుకని మిగతావన్నీ కొన్నాక చేతిలో మిగిలిన చిల్లరతో దీన్ని కొంటారు. అది పాడైతే ఒంటరిగా పోదు, తనకు తగిలించినవాటిని కూడా తీసుకుపోతుంది. కుర్రాడు వాట్లు కూడాడు. ప్రాసెసర్‌కు 65, కార్డుకు 132, మిగతావన్నీ కలిపినా మొత్తం మూడు వందలు దాటవు. 550 వాట్లు చాలు. అయితే ఆ 550 నిజం 550 కావాలి. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, మూడేళ్లకు తక్కువ కాకుండా వారంటీ ఉన్నది రాసుకున్నాడు. ఈ విషయంలో వాడు చేసినది నూటికి నూరు పాళ్లు సరైన పని.

చివరి పేజీ క్యాబినెట్. ఇవన్నీ పెట్టుకునే డబ్బా.

ఇన్నాళ్లూ లెక్క ప్రకారం నడిచినవాడు ఇక్కడ లెక్క వదిలేశాడు. ముందువైపు జాలీ ఉండి గాలి బాగా ఆడే రేకు డబ్బా అప్పట్లో మూడు వేలకు దొరికేది. పక్క గోడంతా అద్దం ఉన్నది ఇంకో పదిహేను వందలు ఎక్కువ. అద్దంతో ఆట వేగం పెరగదు. వాడికి తెలుసు.

"అద్దమెందుకురా?" అన్నాడు తండ్రి.

"లోపల కనపడాల నాయనా."

"ఏం కనపడాల?"

"నేను బిగించింది."

తండ్రి మళ్లీ అడగలేదు. మంచి పడుగు ఎక్కించిన రోజు మగ్గం పక్కన ఊరికే కాసేపు నిలబడి చూసుకోవడం ఆయనకూ అలవాటే.

అద్దం గురించి కుర్రాడు చాలా తెలుసుకున్నాడు. అది టెంపర్డ్ గ్లాస్. బాగా కాల్చి గాలితో చటుక్కున చల్లారుస్తారు. పైపొర బిగుసుకుంటుంది, లోపలిపొర దాన్ని లాగి పట్టుకుంటుంది. ఆ బిగువే దాని బలం. అరచేత్తో గట్టిగా కొట్టినా ఓర్చుకుంటుంది. అంచుకు మాత్రం చిన్న దెబ్బ తగిలినా అంతే. పింగాణీ టైలు మీద అంచు ఆనించినందుకే భళ్లున రాలిపోయిన అద్దాలున్నాయి. పగిలితే ఒకచోట పగలదు. బిగువంతా ఒక్కసారి వదిలి గులకరాళ్లలా మొత్తం కిందికి రాలుతుంది. అంచులు, మూలలు. కాపాడుకోవాల్సింది అవే.

మానిటరు తిరుపతిలో కొన్నారు. యూపీఎస్ పుత్తూరులోనే కొన్నారు. మిగతావాటికి తండ్రీ కొడుకులు పొద్దున్నే రైలెక్కి చెన్నై పోయారు. మౌంట్ రోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీట్. సందు సన్నం. రెండు పక్కలా అరల్లాంటి దుకాణాలు. ఒకచోట చెప్పిన ధర పది గజాల అవతల ఉండదు. ఒకచోట ప్రాసెసర్, ఒకచోట కార్డు తక్కువ. కుర్రాడు పుస్తకం తెరిచి పట్టుకుని ముందు నడిచాడు. తండ్రి సంచులు పట్టుకుని వెనక నడిచాడు.

ఒక దుకాణదారు క్యాబినెట్‌తో పాటు పవర్ సప్లై కలిపి ఇస్తానన్నాడు. 750 వాట్లని దాని మీద పెద్ద అక్షరాలున్నాయి. ధర పుస్తకంలో ఉన్నదానిలో మూడో వంతు. కుర్రాడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి పైకి కిందికి ఆడించాడు. తేలిగ్గా ఉంది. లోపల రాగి, ఇనుము ఉండాల్సినంత ఉంటే అంత తేలిక ఉండదు. తిరిగి ఇచ్చేశాడు. దుకాణదారు వాణ్ణి ఒకసారి చూసి, లోపలి అరలోంచి వాడు అడిగినదే తీశాడు.

బోర్డు డబ్బా మీద తయారీ తేదీ చూశాడు. పాత స్టాకైతే దానిలోని బయాస్ ప్రోగ్రాం పాతదై ఉంటుంది, 5600ను గుర్తుపట్టదు. ప్రాసెసర్ డబ్బా తెరిపించి, దాన్ని అంచులతో పట్టుకుని తిరగేసి చూశాడు. కింద 1331 పిన్నులు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి ఒక్కో వరుసా చూసుకుంటూ పోయాడు. ఒక్కటి వంగినా పనికిరాదు. ఒక్కటీ వంగలేదు. వెనక నలుగురు కొనుగోలుదార్లు ఎదురుచూస్తున్నారు. వాడు తొందరపడలేదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అంత ఓపికగా చూసే కన్ను ఉండడం గొప్ప సంగతి.

"ఇక్కడే బిగించి ఇచ్చేస్తా తమ్ముడూ. ఐదు వందలివ్వు చాలు," అన్నాడు దుకాణంలోని మనిషి.

"వద్దన్నా. నేనే బిగించుకుంటా."

ప్రతిదానికీ జీఎస్టీ బిల్లు తీసుకున్నాడు. అన్నింటికన్నా ఆఖర్న క్యాబినెట్. అట్టపెట్టె నడుము ఎత్తుకు వచ్చింది. పక్కన గ్లాసు బొమ్మ, రెండు పైకి చూసే బాణాలు. దుకాణంలోనే తెరిపించి అద్దం అంచులు నాలుగూ వేలితో తడిమి చూసి, మళ్లీ మూయించి టేపు వేయించాడు.

సెంట్రల్‌లో తిరుపతి వైపు పోయే బండి పెట్టగానే ఎక్కారు. జనరల్ బోగీ. పెట్టెను పైన అరలో పెడదామంటే బ్రేకు పడితే జారుతుంది. కింద పెడదామంటే చక్రాల అదురు మొత్తం అంచుకు తగులుతుంది. జనం కాళ్లు తగులుతాయి. కిటికీ పక్కన సీటు మీద నిలబెట్టారు. పక్కన కుర్రాడు, వాడి పక్కన తండ్రి. కార్డు, ప్రాసెసర్, ర్యామ్ కుర్రాడి వీపు సంచిలో. బోర్డు, పవర్ సప్లై తండ్రి ఒళ్లో.

బోగీ నిండింది. నలుగురి బెంచీలో ఆరుగురు సర్దుకునే బండి అది. పెరంబూరులో ఒకతను పెట్టె వైపు చూశాడు.

"అద్దముంది సార్," అన్నాడు కుర్రాడు.

అతను గ్లాసు బొమ్మ చూసి ముందుకు పోయాడు. ఆ బొమ్మకు భాష అక్కర్లేదు. తమిళం వాళ్లూ తెలుగువాళ్లూ చూసి పక్కకు జరిగారు. ఎవరూ గొడవ పెట్టలేదు.

తిరువళ్లూరులో ఒక ముసలి జంట ఎక్కింది. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల పంచె, చొక్కా, కుడి భుజం మీంచి మోకాలి దాకా వేలాడే తుండు. ఆమె చేతిలో వైరు బుట్ట. ఎదురు బెంచీలో ఆడవాళ్లు జరిగి ఆమెకు బెత్తెడు చోటిచ్చారు. ఆయన పెట్టె పక్కన నిలబడి ఎడమచేత్తో పైకమ్మీ పట్టుకున్నాడు.

"సామీ, ఆ పెట్టె కింద పెట్టుకోకూడదా? ఈయన కూర్చుంటాడు," అంది ఆమె.

"అద్దముందమ్మా. కింద పెడితే అదురుకు పగలతాది," అన్నాడు తండ్రి.

"అది కాదు సామీ. ఈయనకు..."

"ఉండనీలే. ఎంతసేపు? నిలబడతా," అన్నాడు పెద్దాయన.

తండ్రికి ఇబ్బందిగా అనిపించింది. లేవబోయాడు. కుర్రాడు చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వు లేస్తే ఎట్ల నాయనా? నేనొక్కణ్ణే పెట్టెను పట్టుకోవాల, వీపుసంచి చూసుకోవాల. బోర్డు ఎవురు పట్టుకుంటారు?"

తండ్రి కూర్చున్నాడు.

కాసేపటికి ఆయన చూపు తుండు మీద నిలిచింది. ముతక నూలు. అంచున రెండు ఎర్ర చారలు, మధ్యలో సన్నటి ఆకుపచ్చ.

"ఈ తుండు యాడ కొన్నారు పెద్దాయనా?"

"నారాయణవనంలో. ఎప్పుడో, పెండ్లికి పోయినప్పుడు."

"అంచు చూస్తానే అనుకున్నా, మావైపు నేతేనని."

తండ్రి చెయ్యి చాచి అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూడబోయాడు. పెద్దాయన ఒక అడుగు వెనక్కి జరిగాడు. తండ్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎందాక?"

"పుత్తూరే సామీ."

"చుట్టాలున్నారా?"

"ఎవురూ లేరు. పని మీద."

పెద్దాయన పెట్టె వైపు చూశాడు. "ఏముంది నాయనా ఇందులో?"

అడిగింది కుర్రాణ్ణి. ఇన్ని నెలల్లో ఎవరూ వాణ్ణి అలా అడగలేదు. వాడు మొదలుపెట్టాడు. ప్రాసెసర్ ఏం చేస్తుందో, కార్డు ఏం చేస్తుందో, కరెంటు డబ్బా తేలిగ్గా ఉంటే ఎందుకు కొనకూడదో అన్నీ చెప్పాడు. పెద్దాయన కమ్మీ పట్టుకుని ఊగుతూ విన్నాడు.

"ఇవన్నీ నువ్వే బిగిస్తావా?"

"నేనే. దేన్నీ బలవంతంగా నొక్కకూడదు పెద్దాయనా. ప్రాసెసర్ అయితే అసలు నొక్కనే కూడదు. మూల మీద గుర్తు ఉంటాది. దాని చోటు దానికి సరిగ్గా చూపిస్తే తనంతట తానే కూర్చుంటాది."

"అవును. కుదిర్చేవాడి చెయ్యి మంచిదై ఉండాల," అన్నాడు పెద్దాయన.

అరక్కోణం దగ్గర బండి ఉన్నట్టుండి బ్రేకు వేసింది. పెట్టె పైభాగం సీటు బయటికి వాలింది. కుర్రాడి చేతులు అందుకునేలోపే పెద్దాయన కమ్మీ వదిలేసి ఎడమ అరచేత్తో పెట్టెను ఆపాడు. పట్టు వదలడంతో ఆయన కుడివైపు చెక్కకు కొట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"రెండో చెయ్యి కూడా వేయండి పెద్దాయనా. అద్దముంది," అన్నాడు కుర్రాడు.

"ఆగింది నాయనా. ఆగిందిలే."

కుర్రాడు పెట్టెను నిలబెట్టి మూలలు చూసుకున్నాడు. అట్ట ఎక్కడా నొక్కుకుపోలేదు. పెద్దాయన నుదుటి మీద చెమట పట్టింది. ఎదురు బెంచీలోంచి ఆమె లేచి వచ్చి, జారిన తుండు మళ్లీ భుజం మీదికి లాగి సర్ది, తన చోటుకు పోయి కూర్చుంది.

"చాలా సాయం చేశారు పెద్దాయనా," అన్నాడు తండ్రి.

తిరుత్తణిలో దిగినవాళ్లకంటే ఎక్కినవాళ్లే ఎక్కువ. ఏకాంబరకుప్పం దాటింది. బయట చీకటి పడుతోంది. పెద్దాయన తర్వాత ఏమీ మాట్లాడలేదు. కుర్రాడు పెట్టె చుట్టూ రెండు చేతులూ వేసి కూర్చున్నాడు.

పుత్తూరులో బండి ఎక్కువసేపు ఆగదు. తండ్రి సంచులతో ముందు దిగి, వాటిని ఎవరూ తొక్కకుండా గోడ వారకు తీసుకుపోయాడు. కుర్రాడు పెట్టెను వాకిలి దాకా తెచ్చాడు. కింద ప్లాట్‌ఫారం మీద పెద్దాయన ఉన్నాడు. ఆమె బుట్ట అందుకుంటోంది.

"కాస్త అందుకోండి పెద్దాయనా. రెండు చేతులూ వేయండి. మూల తగిలితే పోతుంది."

పెద్దాయన ఎడమచెయ్యి చాచాడు. పెట్టె అడుగును ముంజేతి మీదికి తీసుకుని, పక్కభాగాన్ని ఛాతీకి ఆనించుకుని, మోకాళ్ల మీద వంగి నెమ్మదిగా నేలకు దించాడు. ముందు ఒక అంచు, తర్వాత రెండోది. చప్పుడు కాలేదు. బండి కదిలింది. కుర్రాడు దూకి పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఆమె తండ్రి దగ్గరికి వచ్చింది.

"సామీ, మీది ఈ ఊరేనా? కట్టు కట్టేకాడికి ఆటో యాడ దొరకతాది?"

"గేటు బయటే ఉంటాయమ్మా. కట్టు ఎవురికి?"

ఆమె పెద్దాయన భుజం మీంచి తుండు తీసింది. కుడిచెయ్యి మోచేతి దగ్గర్నుంచి వేళ్ల దాకా రెండు కొబ్బరి మట్ట చెక్కల మధ్య చీర ముక్కతో చుట్టి ఉంది. వేళ్లు వాచి నల్లబడ్డాయి.

"ఈయనకే సామీ. పొద్దున బావి మెట్ల మీద పడినాడు. రెండు చోట్ల విరిగింది."

వాళ్ల వెనక, పెట్టె మూలలన్నీ ఒకటికి రెండుసార్లు తడిమి చూసిన కుర్రాడు లేచి నిలబడి, ఎక్కడా ఏమీ కాలేదని తండ్రికి చెప్పాడు.